మార్టూరు దాటకముందే

గన్నవరం నుంచి రేణిగుంటకు గాలిదారిన మూడు వందల యాభై కిలోమీటర్లు, విమానానికి ఒక గంట. ఈ సంగతి నాకు చెప్పింది నా మేనకోడలు కెజియా. గుంటూరులో ఒక ఆసుపత్రి వరండాలో ఇనప బెంచీ మీద నా పక్కన కూర్చుని, ఫోను నా ఒళ్లో పెట్టి చూపించింది. తెర మీద రెండు చుక్కలు, వాటిని కలుపుతూ సన్నటి గీత. రోడ్డు మీదైతే నాలుగు వందలు దాటుతుందని కూడా అంది. నాకు బోధపడలేదు. తొందరగా పోవడం అంటే తెలుసు. కాని దూరమే తగ్గిపోవడం ఏమిటి? దూరం అనేది భూమి మీద పరుచుకుని ఉన్నది కదా, ఎవరు పోయినా అంతే ఉండాలి కదా అని అడిగాను. "రోడ్డు ఊరూరికీ వంగి పోయిద్ది అత్తా. విమానానికి ఊళ్లతో పనేముంది, తిన్నగా పోయిద్ది" అంది పిల్ల. ఊళ్లతో పని లేని ప్రయాణం ఒకటి ఉంటుందని నాకు అరవై దాటిన తర్వాత తెలిసింది. ఆ గీత వంక అలా చూస్తూ ఉండిపోయాను.

ఆ రోజు ఆ గీత మీద పోవలసింది మా సుధీరు గుండె. సుధీరు నా తమ్ముడు దానియేలు కొడుకు, కెజియాకి అన్న. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాడు. బండి మీద ఇంటికి వస్తూ దారిలో పడిపోయాడు. ఒంటి మీద గీరుకున్న గుర్తు కూడా లేదు, దెబ్బంతా తలలోనే తగిలింది. ఊపిరి మిషను ఆడిస్తున్నదే గాని మెదడు పోయింది, ఇంక తిరిగి రాదు అని డాక్టర్లు చెప్పారు. నేను లోపలికి వెళ్లి వాడి చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. చిన్నప్పుడు జ్వరం చూడ్డానికి పట్టుకున్నప్పటి వెచ్చదనమే. ఇంత వెచ్చటి చెయ్యిగల మనిషి లేడంటారేమిటని వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూశాను. ఎవరూ నా వైపు చూడలేదు.

ఆ తర్వాత ఆసుపత్రిలో అవయవదానాల పని చూసే ఒక అమ్మాయి వచ్చి దానియేలుతో మెల్లగా మాట్లాడింది. తిరుపతిలో ఒక ఆడపిల్ల గుండె కోసం ఎదురుచూస్తున్నదట. పేరు, ఊరు చెప్పరట. దానియేలు చాలాసేపు నేల చూసి సంతకం పెట్టాడు. వాడి భార్య రత్నకుమారి వద్దనలేదు, సరే అనలేదు. సంతకం పెట్టిన దగ్గర్నుంచి మాత్రం వాడితో మాట్లాడలేదు. బెంచీ ఆ చివర గోడవైపు తిరిగి కూర్చుంది. ఈ సంగతి ఊళ్లో తెలిసి, మాకు బాబాయి వరస అయ్యే పెద్దాయన ఫోను చేశాడు. "ఒరేయ్ దానియేలూ, రేపు పునరుత్థాన దినాన గుండెకాయ లేకుండా ఎట్టా లేస్తాడ్రా పిల్లోడు?" అన్నాడు. ఫోను నేను అందుకుని, "మట్టి ముద్దతో మనిషిని చేసినాయనకి ఒక గుండెకాయ కష్టమా బాబాయ్" అన్నాను.

దానియేలు భయం అది కాదు. వాడు నా దగ్గరికి జరిగి, పక్కవాళ్లకి వినపడకుండా చెప్పాడు. "బయటికి తీసినాక నాలుగు గంటల్లో ఆ పిల్లకి పెట్టాలంటక్కా. దారిలో లేటయితే పనికి రాదంట. అది చేరకపోతే నేను నా బిడ్డని ఊరికే కోయించినోణ్ని అవుతా."

అప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది.

మా నాయనమ్మ మరియమ్మకి చదువు రాదు. బైబిలు వాక్యం మాత్రం కీర్తనలకు కీర్తనలు నోటికి వచ్చు. పర్చూరు పక్కన మా పల్లె. చుట్టూ నల్లరేగడి, ప్రత్తి, మిరప, పొగాకు. మా ఇంటిల్లిపాదీ ఒకే రైతు దగ్గర పని చేసేవాళ్లం. మాఘమాసం దాటితే చాలు, మా బతుకంతా మిరపకల్లంలోనే. ఎర్రగా పరిచిన పండు మిరప మధ్య కూర్చుని తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం, మధ్యాహ్నం కాయ తిరగేయడం. తలంటుకున్నా, బట్టలు ఉతుక్కున్నా ఆ ఘాటు పోయేది కాదు. మా గుడిసెలో ప్రార్థన మొదలుపెట్టగానే అందరం ముందు దగ్గేవాళ్లం. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు ఒకసారి, ఈ ఇంట్లో దగ్గు కూడా ఆరాధనలో భాగమేనా అని నవ్వారు. "దగ్గొస్తందంటే పంటొచ్చినట్టే గదయ్యా, దానికి కూడా స్తోత్రమే" అంది నాయనమ్మ. నాకు స్తోత్రం చెప్పడం అక్కడ అబ్బింది. మంచినీళ్లు తాగినా అంటాను, ముల్లు తీసుకున్నా అంటాను. మనవలు నన్ను వెక్కిరిస్తారు కూడా.

నాయనమ్మకి ఒక అలవాటు ఉండేది. మా ఇంటినుంచి ఎవరు ఏ ఊరు బయల్దేరినా, వాళ్లు పోయిన దారినంతా ఆమె కల్లంలో కూర్చుని ప్రార్థనతో నడిచేది. మేము దాన్ని దారి నడిపించడం అనేవాళ్లం. మిరపకాయ తొడిమ తీస్తూనే, కళ్లు సగం మూసి, మనిషి ఇప్పుడు ఎంతదాకా పోయి ఉంటాడో అంచనా వేసి, ఆ చోటికి తగిన మాట ఒకటి దేవుడికి చెప్పుకునేది. "తండ్రీ, తుమ్మల మలుపు దాటుంటాడు, ఎడ్లు బెదరకుండా చూడు." కొంచెం ఆగి, ఓ గుప్పెడు కాయలయ్యాక, "తండ్రీ, వాగులో దిగుతుంటాడు, బురద ఉంటది, జారనియ్యమాక." ఇంకొంచెం ఆగి, "పర్చూరు కాఫీ హోటలు కాడ ఆగుంటాడు, అప్పు పెట్టనియ్యమాక ప్రభువా." ఈ చివరిది మా బాబాయి కోసం. ఆ దార్లన్నీ నెత్తిన మూట పెట్టుకుని ఆమె కాళ్లతో నడిచినవే. ఏ ఊరి కుక్క ఎక్కడ పడుకుంటుందో, ఏ చింతచెట్టు కింద కల్లు తాగేవాళ్లు చేరతారో అన్నీ తెలుసు. అన్నీ ప్రార్థనలోకి వచ్చేవి.

కల్లంలో ఉన్న మిగతా ఆడవాళ్లకి ఆమె పెద్ద గడియారం. "మరియమ్మత్తా, మావోడు యాడిదాకా పోయాడే?" అని అడిగేవాళ్లు. "కాలవ వంతెన ఎక్కుతన్నాడు" అనేది, తల ఎత్తకుండా. సాయంత్రం వాడు తిరిగొచ్చాక ఆరా తీస్తే సుమారుగా అంతే అయ్యేది. మా నాన్న ఆటపట్టించేవాడు. "అమ్మా, నీ ప్రార్థన మరీ నిదానం. నువ్వు నన్ను చీరాల చేర్చేలోపు నేను పోయి తిరిగొచ్చి సంగటి తిని పడుకుంటా." "నువ్వు తొందరగా పోతే నీ కాళ్ల గొప్ప. క్షేమంగా పోతే నా నోటి గొప్ప" అనేది ఆమె. మనిషి చేరే వేళ అయిందని తోచగానే చేతిలో కాయ కింద పెట్టి, చీర కొంగు నెత్తిన కప్పుకుని, "చేరుంటాడు. స్తోత్రం" అనేది. చుట్టుపక్కల వాళ్లు కూడా స్తోత్రం అనేవాళ్లు. క్రైస్తవులు కానివాళ్లు చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టేవాళ్లు. మా రైతు కూతురు కోటేశ్వరమ్మ నా ఈడుది, కాయ తిరగేసే వంకన మా దగ్గరే తిరిగేది. ఆమె రెండూ చేసేది, ఎందుకైనా మంచిదని.

దానియేలు పుట్టింది మిరప కోతల్లోనే. తెల్లవారుతూ ఉండగా పుట్టాడు. పిల్లవాడు ఏడ్చాడు, ఇంట్లో అందరం నవ్వాం. నన్ను మాత్రం దగ్గరికి రానివ్వలేదు, నా చేతులకి ముందురోజు మిరపకాయల కారం ఉందని. నాయనమ్మ బూడిదతో ఒకసారి, పుల్లమజ్జిగతో ఒకసారి నా చేతులు తోమి, ఆముదం రాసి, వాసన చూసి, అప్పుడు వాణ్ని నా ఒళ్లో పెట్టింది. వాడి బరువు ఒళ్లో ఇంకా తెలుస్తూ ఉండగానే లోపల గుసగుసలు మొదలయ్యాయి. అమ్మకి రక్తం ఆగడం లేదు. మంత్రసాని బయటికి వచ్చి, చీరాల ఆసుపత్రికి తీసుకుపోతే తప్ప తనవల్ల కాదంది. కోటేశ్వరమ్మ వాళ్ల నాన్న అడగకుండానే బండి కట్టించాడు. బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి, అమ్మని పడుకోబెట్టారు. నాన్న, మంత్రసాని ఎక్కారు. అమ్మ నన్ను పిలిచి, "తమ్ముణ్ని ఎండలో ఉంచమాక" అంది. అంతే అంది. బండి తుమ్మల వైపు తిరిగేదాకా నేను చూస్తూ నిలబడ్డాను.

నాయనమ్మ ఏడవలేదు. పసివాణ్ని గుడ్డలో చుట్టి, కల్లం పక్కన పందిరి నీడలో నా ఒళ్లో పడుకోబెట్టి, తను ఎదురుగా కూర్చుంది. ఆ రోజు చేతిలో మిరపకాయ పట్టుకోలేదు. ఆమె అంత గట్టిగా దారి నడిపించడం నేను అంతకు ముందు చూడలేదు. తుమ్మల మలుపు. వాగు. పర్చూరు సెంటరు. ఒక్కో చోట ఆగి, ఎద్దుల పేర్లు చెప్పి మరీ అడిగింది. పని చేసుకుంటున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. కొమ్మమూరు కాలవ వంతెన. చీరాల రైలుగేటు. గేటు పడకుండా చూడమంది, పడితే రైలు తొందరగా పోయేటట్టు చూడమంది. ఆసుపత్రి మెట్లు. మంచం. డాక్టరమ్మ చేతులు. ఆ చేతుల కోసం చాలాసేపు అడిగింది. పొద్దు వాలింది. అప్పుడు కొంగు నెత్తిన కప్పుకుని, "చేరింది. నా కోడల్ని చేతుల్లోకి తీసుకున్నారు. స్తోత్రం" అంది. అందరూ స్తోత్రం అన్నారు. ఒక కీర్తన ఎత్తుకున్నారు, కల్లమంతా పాడింది. నేను తమ్ముడి చెవి దగ్గర పెట్టి పాడాను. కోటేశ్వరమ్మ వాళ్లింటినుంచి బెల్లం తెచ్చి అందరి చేతుల్లో పెట్టింది.

బెల్లం నా నోట్లో ఉండగానే బండి వచ్చింది. ఎద్దులు మెల్లగా, ఎవరూ అదిలించకుండా వాటంతట అవే నడిచి వచ్చాయి. నాన్న దిగి, తల్లి దగ్గరికి రాలేక బండి చక్రం పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ వాగు కూడా దాటలేదు. వాగు ఇవతలి గట్టు మీదే పోయింది. ఇంటికి తిరిగి వచ్చే ధైర్యం లేక, మంత్రసానిని కూడా కబురు తీసుకుపోనివ్వక నాన్న ఆమెను పెట్టుకుని ఆ గట్టు మీదే పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. మేము ప్రార్థనలో ఆమెను పర్చూరు సెంటరు దాటిస్తున్నప్పుడు ఆమె లేదు. కాలవ వంతెన ఎక్కించినప్పుడు లేదు. డాక్టరమ్మ చేతుల్లో పెట్టి, స్తోత్రం చెప్పి, పాట పాడి, తీపి తిన్నప్పుడు లేదు. చిన్నపిల్లని, చావు ఏమిటో సరిగ్గా తెలియదు. కాని మేము పాడిన పాట తలుచుకుంటే నాకు సిగ్గు వేసింది, భయం వేసింది. నోట్లో బెల్లం మింగాలో ఉమ్మాలో తెలియలేదు.

"మరియమ్మత్తా, చేరిందన్నావే" అని ఎవరో అడిగారు. నిందగా అడగలేదు, పాపం, అర్థం కాక అడిగారు. నాయనమ్మ ఆమె వైపు చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఆ తర్వాత చాన్నాళ్లు మా ఇంట్లో పైకి వినపడే ప్రార్థన లేదు. నేను బడికి పోయే ప్రసక్తే లేకపోయింది. తమ్ముణ్ని చంకనేసుకుని తిరగడమే నా బడి. మధ్యాహ్నం కాయ తిరగేశాక నాన్న నన్ను కూర్చోబెట్టి, మిరప తొడిమలు నేల మీద పేర్చి అక్షరాలు చేసేవాడు. అ రాయడానికి వంపు తిరిగిన తొడిమలు కావాలి, అవి ఏరడం నా పని. గాలికి అక్షరం చెదిరిపోతే మళ్లీ పేర్చమనేవాడు. అలా కూడబలుక్కుని ఒకనాటికి బైబిలు చదవగలిగాను, ఇవాళ ఇది రాయగలుగుతున్నాను. తల్లి లేని ఇంట్లో నాకు అక్షరం, అన్నం, ఒళ్లో ఒక పిల్లవాడు దొరికారు. ఎప్పుడు తలుచుకున్నా కృతజ్ఞతే తప్ప ఇంకో మాట రాదు.

ఒకరోజు నాన్నకి గుంటూరు పోవలసిన పని పడింది. అతను పోయిన కాసేపటికి నాయనమ్మ లేచి కల్లంలోకి వెళ్లి తన చోట కూర్చుంది. పెదాలు కదలడం చూశాను. తుమ్మల మలుపు అంది. నాకు కోపం వచ్చింది. ఆ రోజు అంత అడిగితే ఏమైంది, మళ్లీ ఎందుకు అన్నాను. "అడగడం మన పనే. చేరారని చెప్పడం మన పని కాదు. ఆ రోజు నేను దేవుడి మాట కూడా నేనే చెప్పా" అంది. అప్పటినుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. మనిషి చేరాడని కబురు వచ్చేదాకా స్తోత్రం లేదు. కబురు రావడానికి ఒక్కోసారి వారం పట్టేది. ఆ వారమంతా నాయనమ్మ మనిషిని ఆ ఊరి పొలిమేరలోనే నిలబెట్టి ఉంచేది, లోపలికి పోనిచ్చేది కాదు.

ఆసుపత్రి బెంచీ మీద దానియేలు ఆ మాట అనగానే ఇదంతా నా కళ్ల ముందు తిరిగింది. వాడికి ఇవేవీ జ్ఞాపకం ఉండే వీలు లేదు. ఆ రోజు వాడు గుడ్డలో చుట్టిన పసివాడు. ఎండలో ఉంచమాక అని అమ్మ నాకు అప్పగించి పోయినవాడు తలంతా నెరిసిపోయి, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని నా పక్కన కూర్చుని ఉన్నాడు.

లోపలినుంచి పెట్టె వచ్చింది. పెళ్లిళ్లలో మంచినీళ్ల సీసాలు ఐసులో పెట్టే పెట్టె లాంటిది. ఒక మనిషి ఒంటి చేత్తో పట్టుకుని పరుగులాంటి నడకతో మా ముందు నుంచి పోయాడు. అందులో ఏముందో మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పకుండానే అందరం లేచి నిలబడ్డాం. కోటేశ్వరమ్మ కూడా మాతోనే ఉంది, తన కారులోనే మమ్మల్ని తీసుకొచ్చింది. "ఇంత చిన్న పెట్టెలోనా" అంది ఆమె. పోలీసులు గన్నవరం దాకా రోడ్డు ఖాళీ చేయించారట. కాసేపటికి కెజియా ఫోనులో ఎవరితోనో మాట్లాడి, "విమానం ఎక్కించారంట, లేచిందంట" అంది. దానియేలు నా వైపు చూశాడు. నేను కొంగు నెత్తిన కప్పుకున్నాను.

గన్నవరం దగ్గర మొదలుపెట్టాను. విమానం కదా అని బస్సు కన్నా తొందరగానే నడిపించాను. తండ్రీ, బెజవాడ రద్దీ తగలనియ్యకు. కృష్ణ వంతెన మీద గాలి ఎక్కువ, చూసుకో. తాడేపల్లి. మంగళగిరి. గుంటూరు పక్కగా పోతున్నప్పుడు మా బెంచీ పక్కనుంచే పోతున్నట్టనిపించి ఒక్క క్షణం ఆగాను, మా సుధీరు తన తల్లి వైపు చూసుకుని పోతాడేమోనని. ఎడ్లపాడు. పైన అవేవీ ఉండవని తెలుసు, గాలికి వంతెన అక్కర్లేదని తెలుసు. ఐనా నా నోటికి వేరే దారి రాదు. నాయనమ్మ నేర్పింది అదొక్కటే.

"అత్తా, యాడున్నావు?" అంది కెజియా. నేను చిలకలూరిపేట అన్నాను.

"అది సముద్రం మీదుంది."

నేను కళ్లు తెరిచాను. ఫోను తెర మీద చిన్న విమానం బొమ్మ నీలం రంగు మీద ఉంది. బాపట్ల దగ్గరే నేల వదిలేసిందట. తీరం వంగి ఉంటుంది కనక తిన్నగా పోయే గీత నీళ్ల మీద పడిందట. "ఇదిగో ఈ గట్టున చుక్క చీరాల" అంది పిల్ల. చీరాల అనగానే నా వేలు దానంతట అదే ఆ చుక్క మీదికి పోయింది. వేలు ఆనేలోపే విమానం బొమ్మ దాన్ని వెనకేసి ముందుకు జరిగిపోయింది. మా అమ్మ బండిలో వరిగడ్డి మీద పడుకుని చేరలేకపోయిన ఊరు. వాగు, వంతెన, రైలుగేటు, ఆసుపత్రి మెట్లు, మేము పొద్దున మొదలుపెట్టి పొద్దు వాలేదాకా నడిచిన దారి. ఆ దారికి చివరనున్న ఊరు నేను గుటక వేసేలోపు దాటిపోయింది. బెంచీ అంచు పట్టుకున్నాను. అప్పుడు మా ప్రార్థన బండిని వదిలేసి ముందుకు పోయింది, ఇప్పుడు విమానం నా ప్రార్థనని వదిలేసి పోయింది. ఎప్పుడూ మనిషి పక్కన నడిచే అదృష్టం లేదేమో నాకు అనిపించింది.

"సముద్రం మీద ఏ ఊరి పేరు చెప్పాలే?" అన్నాను. కెజియా నా మొహం చూసి భయపడింది. "ఊళ్లు లేవత్తా" అంది మెల్లగా. ఇక నాకు తెలిసిన పేరు ఒక్కటీ లేదు. తండ్రీ, ఎక్కడుందో నాకు తెలియదు, నువ్వే చూసుకో అన్నాను. అది అనడం నా జీవితంలో మొదటిసారి. అలా అనేసి ఊరుకోలేక, మళ్లీ చిలకలూరిపేట నుంచే మొదలుపెట్టి, ఈసారి కాలినడకన పోయేవాళ్లలా నిదానంగా రోడ్డు పట్టుకున్నాను. మార్టూరు ఇంకా దాటలేదు, కెజియా ఫోను మోగింది.

"దిగిందంట. రేణిగుంటలో దిగిందంట."

దానియేలు నమ్మలేదు. "అప్పుడేనా? సరిగ్గా కనుక్కో. ఇంకా సగం దారి ఉండాలి గదా" అన్నాడు, ఎవరో తనని మోసం చేస్తున్నట్టు. "దిగింది నాన్నా, అంబులెన్సు కూడా ఎక్కించారు." వాడు లేచి, మా ఎదురుగా మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. సుధీరు ఇంకా ఆ తలుపు వెనకే ఉన్నాడు. కుట్లు వేస్తున్నారు, కాసేపట్లో ఇస్తాం అన్నారు. "వాడు ఇంకా ఇక్కడే ఉంటే, వాడి గుండె కొండ కిందికి పోయిందా అక్కా?" అన్నాడు. కోటేశ్వరమ్మ వాడి భుజం మీద చెయ్యి వేసి, "ఏడుకొండలవాడి కాళ్ల దగ్గరికి చేరిందిలే దానియేలూ, ఇంక ఆయన చూసుకుంటాడు, భయపడమాక" అంది. వాడు తల ఊపాడు. ఆమె ఏ పేరుతో అడిగినా అడిగింది మా పిల్లవాడి కోసమే. చిన్నప్పుడు కల్లంలో స్తోత్రమూ అని, దణ్ణమూ పెట్టిన మనిషి. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

దిగినంత మాత్రాన చేరినట్టు కాదు. నేను పొలిమేరలోనే ఆగాను. ఆ ఆగడం విమానం పోయినదాని కన్నా చాలా ఎక్కువసేపు పట్టింది. దానియేలు నడవా ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగాడు. రత్నకుమారి గోడ వైపే ఉంది. చివరికి, పొద్దున్న సంతకం పెట్టించుకున్న అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. పరుగెత్తి వచ్చినట్టుంది, మా ముందు నిలబడి ఊపిరి తీసుకుంది.

"కొట్టుకుంటోందండీ" అంది. "పెట్టగానే దానంతట అదే మొదలుపెట్టిందంట."

దానియేలు నేల మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కెజియా వాడి మీద పడి ఏడ్చింది. కబురు వచ్చింది, ఇంక నేను స్తోత్రం అనాలి. నోరు తెరిచాను. మంచినీళ్లకి అనే దాన్ని, ముల్లుకి అనే దాన్ని, నాకు ఆ మాట రాలేదు. తలుపు అవతల మా పిల్లవాడు చల్లబడిపోయి ఉన్నాడు. దేనికి చెల్లించాలి, దేన్ని వదిలిపెట్టాలి, విడదీసి చెప్పడం నాకు తెలియలేదు. పెదాలు కదిలాయి, శబ్దం లేదు. దేవుడు అదే తీసుకుని ఉంటాడనుకుంటాను.

అప్పుడు రత్నకుమారి గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

"ఏమయ్యా" అంది, మొగుణ్ని. అంతసేపటికి ఆమె గొంతు విని దానియేలు తలెత్తాడు. "ఆ పిల్లకి తల్లుందా?"

"చెప్పరమ్మా, చెప్పకూడదంట" అంది కెజియా.

"ఉంటే ఆమె కూడా ఇట్టాంటి బెంచీ మీదే కూర్చుని ఉంటది" అంది రత్నకుమారి. "కడుపులోకి ఏం పోయి ఉండదు. ఇప్పుడన్నా ఎవరన్నా ఆమెని తినమని చెప్తే బాగుండు."

కోటేశ్వరమ్మ కారులోంచి ఇడ్లీ పొట్లం తెప్పించింది. దానియేలు నేల మీదనుంచి లేవకుండానే అది అందుకుని, దారం విప్పి, ఒక ముక్క తుంచి, భార్య వైపు చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి వంక చూసింది. చూసి, నోరు తెరిచింది.